మా పూతరేకుల గురించి పేపర్లో రావాలంటే ఎవర్ని కలవాలి?

మాది ఆత్రేయపురం అండి. అమ్మా, అత్తయ్యా, నేనూ ఇంట్లోనే పూతరేకులు చేసి కొరియర్లో పంపుతాం, బెల్లం నెయ్యివి బాగా పోతున్నాయి కానీ ఊరు దాటితే మా పేరు ఎవరికీ తెలీదు. పేపర్లో రావాలంటే డబ్బులు కట్టాలా?

జవాబు 1: వార్తకి డబ్బులెందుకండీ, అడిగారంటే అది యాడే. ముందు మీ మండలం విలేకరిని కలవండి, జిల్లా పేజీకి వార్త వెళ్ళేది ఆయన దగ్గర్నుంచే. కానీ మా స్వీట్లు బావుంటాయి అంటే ఎవరూ రాయరు, 2023లో మీ పూతరేకులకి జీఐ ట్యాగ్ (ఇది ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే గుర్తింపు) వచ్చింది కదా, దాని తర్వాత మీలా ఇంట్లో చేసే ఆడవాళ్ళకి ఏం మారిందో చెప్పండి, అదీ వార్త.

జవాబు 2: ఈనాడు వసుంధర, ఆంధ్రజ్యోతి నవ్య పేజీలకి కూడా మెయిల్ పెట్టండి. వేడి కుండ మీద పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ వేసి రేకు తీస్తున్న ఫోటో తప్పకుండా పంపండి, అది చూస్తే ఎవరైనా ఆగుతారు. సంక్రాంతికైతే డిసెంబర్లోనే పంపేయండి, పండగ వారంలో ఎవరూ చూడరు.

జవాబు 3: ప్యాక్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) ఇచ్చే 14 అంకెల నంబర్ ఉందా అక్కా? లేకపోతే ముందు అది చూసుకోండి, వార్త పడ్డ రోజు ఆర్డర్లు ఒక్కసారిగా వచ్చేస్తాయి, రేకులు కూడా కాస్త ఎక్కువే తీసి ఉంచుకోండి.