మల్లెపూల కాంక్రీట్: ఫ్లాస్కులో బానే వస్తోంది, పెద్ద వెసెల్లో వాసన చెడిపోతోంది

కడియం_పూలబ్బాయి:
నమస్తే అండి, మాది కడియం దగ్గర. సీజన్లో మల్లెల రేటు పడిపోతే మిగిలినవాటితో కాంక్రీట్ (సిమెంటు కాదండి, సెంట్లలో వాడే పూలవాసన ముద్ద) తీద్దామని చిన్న పైలట్ ప్లాంట్ పెట్టాం. ఫ్లాస్కులో 200 గ్రాములు హెక్సేన్‌లో (వాసనని లాగే సాల్వెంట్, పెట్రోల్‌లా అంటుకునేది) నానబెట్టి, దాన్ని ఆవిరి చేస్తే మైనంలాంటి ముద్ద, మూత తీస్తే గదంతా ఘుమఘుమ. అదే 50 కిలోల వెసెల్లో ముద్ద గోధుమరంగుకి తిరిగి ఉడికిన ఆకు వాసన కొడుతోంది. తప్పెక్కడండి?

రేవుగట్టు:
పూలు గోనెసంచుల్లో తెస్తున్నారా? కుక్కితే లోపల వేడెక్కి కమిలిపోతాయి. మల్లె మొగ్గ రాత్రి విచ్చుకుంటేనే అసలు వాసన, అందుకని మొగ్గలు తెచ్చి పల్చగా ఆరబోసి, విచ్చాక రాత్రే ఎక్కించాలి.

కడియం_పూలబ్బాయి:
సంచుల్లోనేనండి, పొద్దున్నే ఎక్కిస్తున్నాం 😔

పాత_ప్లాంటోడు:
అది ఒకటి. రెండోది, 50 కిలోలు ఒకే కుప్పగా పోస్తే కింద పూలు నలిగి నీరొదులుతాయి, సాల్వెంట్ సందుల్లోకి వెళ్లదు, చిల్లుల ట్రేలు వరసలుగా పెట్టండి. హెక్సేన్ ఎలా ఎగరేస్తున్నారు? మామూలుగా 69 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఫ్లాస్కులో పది నిమిషాల పని పెద్ద పాత్రలో గంటలు పడుతుంది, అన్ని గంటలు ఆ వేడిలో ఉంటే వాసన ఏం మిగులుతుంది, వాక్యూమ్ పెట్టి తక్కువ వేడిలో లాగాల్సిందే. ఇంకోటి బాబూ, హెక్సేన్ ఆవిరి గాలికన్నా బరువు, నేలమీదే పాకుతుంది, మోటారు నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది, రవ్వల మంట బయటికి రానివ్వని ఫ్లేమ్‌ప్రూఫ్ మోటార్లు లేకుండా దయచేసి ఇంకో బ్యాచ్ ఎక్కించొద్దు.

కడియం_పూలబ్బాయి:
మోటారు మామూలుదేనండి. ఇవాళే ఆపేస్తున్నా, ముందు అది మార్చి ట్రేలు చేయిస్తా.