చర్మం మడతల్లో మళ్లీ మళ్లీ వచ్చే మంట: పౌడర్ మేలా, జింక్ క్రీమ్ మేలా?

విసుగొచ్చింది: రొమ్ముల కింద, గజ్జల్లో ఎర్రగా ఒరుసుకుపోయి ఒకటే మంట, దురద. ఆయింట్‌మెంట్ రాసినన్నాళ్లూ బాగుంటుంది, ఆపగానే మళ్లీ మొదలు. తడే అసలు కారణం, పౌడర్ చల్లుకో అని ఒకరంటారు. పౌడర్ జోలికే పోవద్దు, జింక్ క్రీమ్ రాయి అని ఇంకొకరు. ఎవరి మాట వినాలి? నిజంగా టెన్షన్‌గా ఉంది.

గాలివాటం: పౌడరే, అనుమానం అక్కర్లేదు. చర్మం చర్మానికి రాసుకోవడం, చెమట, గాలి ఆడకపోవడం, ఈ మూడూ కలిస్తేనే కదా ఇది వచ్చేది. పౌడర్ తడిని లాగేస్తుంది, రాపిడి తగ్గిస్తుంది. క్రీమ్ అంటే తడిసిన చోట ఇంకాస్త తడి పూయడమే. స్నానం అయ్యాక ఇంత చల్లుకుని నా దారిన నేను పోతాను, ఏ గొడవా లేదు.

మందపుపొర: మీకు గొడవ లేదంటే మీకు ఆ జబ్బే లేదన్నమాట అండీ. చర్మం చిట్లి రసి కారుతున్నప్పుడు చల్లి చూడండి తెలుస్తుంది. చెమటకి పౌడర్ ముద్దకట్టి మడత అడుగున ఉండలుగా చేరుతుంది, నడుస్తుంటే ఆ ఉండలే గీరుతాయి. పైగా చాలా పౌడర్లలో ఉండే టాల్క్ అనే ఖనిజాన్ని 2024లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2ఏ వర్గంలో, అంటే మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేవాటిలో చేర్చింది. దాన్ని గజ్జల్లో చల్లుకోమంటారా? జింక్ ఆక్సైడ్ పల్చగా రాస్తే చెమట నేరుగా చర్మానికి తగలదు. డైపర్ వల్ల పసిపిల్లలకి ఒళ్లు ఎర్రబడితే రాసేది కూడా ఇదే.

గాలివాటం: 2ఏ అంటే ఆధారాలు ఎంత బలంగా ఉన్నాయో చెప్పే వర్గం, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పేది కాదు. అయినా టాల్క్ వద్దనుకుంటే మొక్కజొన్న పిండితో చేసిన పౌడర్లు లేవా? అవి ఈస్ట్‌కి, అంటే మడతల్లో పెరిగే ఒక రకం ఫంగస్‌కి, మేత అని భయపెడతారు గానీ, మనుషుల చర్మం మీద పరీక్షించి చూసినప్పుడు ఈస్ట్ ఏమీ ఎక్కువగా పెరగలేదు.

రాత్రిడ్యూటీ: మంచం పట్టినవాళ్లని చూసుకునే పని నాది, కాబట్టి మడతలు రోజూ చూస్తాను. మీరిద్దరూ వాదించుకుంటున్నారు సరే, అక్కడ ఉన్నది ఏమిటని ఆవిడని ఒక్కరైనా అడిగారా? ఉత్త ఒరిపిడి అయితే మడతకి రెండు వైపులా అద్దంలో చూసినట్టు ఒకేలా ఎర్రబడుతుంది. దాని మీద ఈస్ట్ చేరితే ఎరుపు బాగా ముదిరి, అంచు దాటి బయట కూడా చిన్న చిన్న పొక్కులు కనిపిస్తాయి. తామరైతే, అదీ ఇంకో రకం ఫంగసే, అంచు కాస్త ఉబ్బి పొట్టు రేగుతూ పక్కకి పాకుతుంది, మధ్యలో తేటపడుతుంది. గోధుమరంగు మచ్చలా ఉండి పెద్దగా దురద లేకపోతే అది బ్యాక్టీరియా కావచ్చు, ఒక ప్రత్యేకమైన దీపం కింద పగడపు రంగులో మెరుస్తుంది. నున్నగా, మెరుస్తూ, ఎన్నాళ్లకీ తగ్గకపోతే సోరియాసిస్ కూడా కావచ్చు. వీటిలో చాలావాటిని పౌడరూ జింకూ రెండూ ఏమీ చేయలేవు.

అండీ, మీరు రాసే ట్యూబ్ మీద చిన్న అక్షరాల్లో ఏం రాసుందో చెప్పగలరా? రాస్తుంటే తగ్గి ఆపితే వస్తోందంటే నాకు ముందు దాని మీదే అనుమానం.

విసుగొచ్చింది: బీటామెథసోన్, క్లోట్రిమజోల్, నియోమైసిన్ అని ఉంది. ఇంట్లో ఇంతకుముందు ఎవరికో రాసిచ్చింది. రొమ్ముల కింద మీరు చెప్పిన పొక్కులు ఉన్నాయి, గజ్జల్లో మాత్రం వంకరగా అంచు కట్టింది. కాలి వేళ్ల మధ్య కూడా తెల్లగా నాని పొట్టు లేస్తోంది, దీనికీ దానికీ సంబంధం ఉంటుందా?

రాత్రిడ్యూటీ: ఉండొచ్చు. వేళ్ల మధ్య ఉన్న ఫంగస్ లోదుస్తులు తొడుక్కునేటప్పుడు గుడ్డకి అంటుకుని గజ్జల్లోకి ఎక్కుతుంది, అందుకే ముందు సాక్స్ వేసుకుని తర్వాత లోదుస్తులు వేసుకోమంటారు. కాలికి మందు వేయకుండా గజ్జలకి ఎంత రాసినా మళ్లీ వస్తుంది.

ఇక ఆ ట్యూబ్. బీటామెథసోన్ స్టెరాయిడ్. ఎరుపునీ దురదనీ అణిచేస్తుంది, కింద ఫంగస్ నిమ్మళంగా పాకుతూనే ఉంటుంది. తామర రూపం కూడా మారిపోతుంది, చూసి పోల్చుకోవడం డాక్టర్లకే కష్టమవుతుంది. మడతల్లో చర్మం పల్చన, పైగా మూసుకుని ఉంటుంది కాబట్టి మందు ఎక్కువగా ఇంకి చర్మం ఇంకా పల్చబడి చారలు పడతాయి, ఆ చారలు పోవు. ఆపాక కొన్నాళ్లు ఎరుపు పెరగొచ్చు, అది చూసి కంగారుపడి మళ్లీ అదే ట్యూబ్ పట్టుకోకండి. చర్మ డాక్టర్ పొట్టు గీకి మైక్రోస్కోప్ కింద చూస్తే ఈస్టా తామరా తేలిపోతుంది. మందూ మారుతుంది మరి: నిస్టాటిన్ ఈస్ట్‌కే పనిచేస్తుంది, తామరకి పనిచేయదు. ఏ మందైనా పైకి తగ్గినట్టు కనిపించగానే మానేయకుండా చెప్పినన్నాళ్లు రాయాలి. షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి, పదేపదే ఈస్ట్ వస్తోందంటే అది చూడాల్సిందే.

మందపుపొర: అంటే నా జింక్ క్రీమ్ దండగేనా?

రాత్రిడ్యూటీ: దండగ కాదు, దాని వంతు తర్వాత వస్తుంది. మేమైతే మడత ఎత్తి గోరువెచ్చని నీళ్లతో కడిగి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దుతాం, హెయిర్ డ్రయర్‌ని చల్లగాలి మీద పెట్టి ఆరబెడతాం. తర్వాత పల్చటి నూలు గుడ్డని మడత లోపలికంటా పరిచి, అంచు బయటికి ఉండేలా వదులుతాం, తడిసిన వెంటనే మారుస్తాం. సగం రోగం ఇక్కడే ఆగుతుంది. క్రిమినాశక ద్రవాలతో కడగడం, సబ్బుతో బరబరా రుద్దడం మాత్రం దయచేసి మానండి, ఉన్న పొర కాస్తా పోతుంది.

గాలివాటం: మానిన చర్మం మీద పౌడర్ వేసుకోవచ్చా లేదా, అది చెప్పండి.

రాత్రిడ్యూటీ: పుండూ పగులూ లేకపోతే, పూర్తిగా ఆరాక, పల్చగా అయితే నాకు అభ్యంతరం లేదు, టాల్క్ లేనిదైతే మరీ మంచిది. చెమట పట్టాక దాని మీదే ఇంకో పొర చల్లుకుంటారే, అది వద్దు.

మందపుపొర: నేనైతే ఒప్పుకోను, ఉండకట్టని పౌడర్ ఇంతవరకూ చూడలేదు.

విసుగొచ్చింది: డాక్టర్ దగ్గరికి ఏమీ రాసుకోకుండానే వెళ్లనా?

రాత్రిడ్యూటీ: ఆ రోజు క్రీమూ పౌడరూ ఏదీ వద్దు, పొట్టు సరిగ్గా దొరకదు. ట్యూబ్ మాత్రం వెంట తీసుకెళ్లండి. ఈలోగా జ్వరం వచ్చినా, ఎరుపు గబగబా పాకుతూ ముట్టుకుంటే వేడిగా నొప్పిగా ఉన్నా, చీము పట్టినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే వెళ్లిపోండి.