డైలీ సీరియల్‌లో సపోర్టింగ్ రోల్: ఒప్పుకునే ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న:
హీరో బాబాయి పాత్రకి పిలిచారు. నెలకి పన్నెండు రోజులు పని ఉంటుందట. ఇంకో సీరియల్‌లో చిన్న పాత్ర ఇప్పటికే నడుస్తోంది. రెండూ కుదురుతాయా? ఇందులో డైలాగులు తక్కువ, ఫ్రేమ్‌లో మాత్రం ఎప్పుడూ ఉండాలి. సెట్‌లో ఎక్కడ తేడా కొడుతుంది?

జవాబు 1:
‘పన్నెండు రోజులు’ నోటిమాట అయితే దానికి విలువ లేదండీ. ఎన్ని రోజులకి డబ్బు గ్యారంటీయో రాయించుకోండి. పన్నెండు డేట్లు బ్లాక్ చేసి ఐదే వాడుకుంటే మిగతా ఏడూ మీకు నష్టమే. పేమెంట్ షూట్ తేదీ నుంచి లెక్కా, టెలికాస్ట్ నుంచా? ఎపిసోడ్లు ముందే తీసి పెట్టుకునే యూనిట్‌లో ఈ రెండింటికీ చాలా తేడా వస్తుంది. మేకప్ అయ్యాక షూట్ క్యాన్సిలైతే ఎంతిస్తారో కూడా అడగండి.

అసలు చిక్కు వేరే ఉంది. ట్రాక్ (కథ నడిచే దారి) మారితే బాబాయిని ఊరికి పంపేస్తారు. చంపరు, తీసేశామనీ చెప్పరు. ఫలానా ఇన్ని రోజులపాటు షూటింగ్‌కి పిలుపు రాకపోతే వేరే పని ఒప్పుకోవచ్చన్న క్లాజు లేకపోతే మీరు అలా వేలాడాల్సిందే.

జవాబు 2:
సెట్ సంగతి. ముందు మాస్టర్ షాట్ (సీన్ మొత్తం, అందరూ కనిపించేలా) తీస్తారు, తర్వాత అదే సీన్ క్లోజప్‌లలో. మాస్టర్‌లో కుడిచేత్తో గ్లాసెత్తి, ‘ఇల్లు అమ్మేద్దాం’ అన్న మాట దగ్గర కింద పెట్టారనుకోండి. క్లోజప్‌లోనూ అదే చెయ్యి, అదే మాట. లేకపోతే ఎడిటర్ మీ షాట్ వదిలేసి హీరో మొహం మీదే ఉండిపోతాడు. డైలాగ్ లేని ఆర్టిస్టు చేతులతో చేసే పనులు ఎంత తక్కువైతే అంత మంచిది.

రియాక్షన్‌లో ప్రతి మాటకీ తలూపకండి, ఎడిటర్‌కి కట్ చేసుకునే చోటు దొరకదు. మాట పూర్తిగా విని ఒక్కసారి ముఖభావం మార్చండి, రెండు సెకన్లు నిలపండి. ‘కట్’ వినపడేదాకా డైరెక్టర్ వైపు చూడొద్దు. క్లోజప్‌లో ఎదుటివాళ్ల రెండు కళ్లూ మార్చి మార్చి చూస్తే మీ చూపు అదురుతున్నట్టు కనిపిస్తుంది. కెమెరాకి దగ్గరున్న కంటినే చూడండి. ఎదుటివాళ్ల క్లోజప్ తీస్తున్నప్పుడు వాళ్ల డైలాగ్ మీదికి మీ మాట పడనివ్వకండి, ఆ సౌండ్ విడదీయలేరు.

జవాబు 3:
రెండు సీరియళ్లు కుదురుతాయి, మీ డేట్లు మీ చేతిలో ఉంటే. కానీ మీవన్నీ కాంబినేషన్ సీన్లు (వేరే ఆర్టిస్టులతో కలిసి చేసేవి). హీరో డేట్ వెనక్కి జరిగితే మీదీ వెనక్కి జరుగుతుంది. అందుకని విడివిడి రోజులు కాకుండా వరుసగా ఇవ్వండి: 1 నుంచి 12 వరకు ఒకరికి, 16 తర్వాత ఇంకొకరికి. మధ్యలో ఖాళీ ఉంచేది అలా వెనక్కి జరిగిన డేట్ల కోసమే. మార్పు అడిగితే ఫోన్‌లో ‘సరే’ అనేయకుండా ఇద్దరు మేనేజర్లకీ మెసేజ్ పెట్టండి. సీన్ నంబరు, కాల్ టైమ్ (సెట్‌కి రమ్మన్న వేళ), ప్యాకప్ టైమ్ (షూటింగ్ ముగిసిన వేళ) ఏ రోజుకారోజు రాసుకుంటే బిల్లు దగ్గర గొడవ ఉండదు.

ప్రశ్న వేసినవారు:
థాంక్సండీ. ఇప్పటి పాత్రకి నున్నగా గీసిన గెడ్డం, కొత్తదానికి గుబురు గెడ్డం అంటున్నారు. అంటించుకుంటే?

జవాబు 2:
రోజూ అంటించే గెడ్డం వద్దు. మేకప్ టైమ్ పెరుగుతుంది, మాట్లాడేకొద్దీ పెదవుల పక్కన అంచు లేస్తుంది, క్లోజప్‌లో దొరికిపోతుంది. జిగురు పడక చర్మం ఎర్రబడితే రెండు పాత్రలకీ ఇబ్బందే. మీసంతో సరిపెట్టమని లుక్ టెస్ట్‌కి (పాత్ర వేషం వేసి చూసే రోజుకి) ముందే కొత్త సీరియల్ వాళ్లని అడగండి. మొదటి ఎపిసోడ్ ప్రసారమయ్యాక లుక్ మార్చడానికి సాధారణంగా ఒప్పుకోరు.