గాజు అతుక్కి ‘తుప్పు’ పడుతుందా?

అణు రియాక్టర్ నీళ్లలో ఉండే సిరామిక్ ఇంధన గొట్టాల గాజు అతుకుల మీద రాస్తూ ‘తుప్పు నిరోధకత’ అనొచ్చా అని అడిగారు కదా మాస్టారూ, వద్దండి. మా అంతర్వేది వైపు కిటికీ ఊచకి తుప్పు పట్టిందంటాం, ఇత్తడి గడియకి చిలుము పట్టిందంటాం, అదే గోడలో ఇటుక పొడిపొడిగా రాలుతుంటే ఉప్పుగాలి తినేసిందంటాం. మొదటి రెండిట్లో పైన ఏదో చేరుతోంది, మూడోదాంట్లో ఉన్నదే పోతోంది.

ఆ గొట్టాల్ని చేసే సిరామిక్, అంటే సిలికాన్ కార్బైడ్‌కి జరిగేది మూడోదే. 300 డిగ్రీల పైన వేడి, విపరీతమైన ఒత్తిడి ఉన్న నీళ్లలో దాని పైపొర సిలికాగా, అంటే ఇసుకలో ఉండే పదార్థంగా మారుతుంది. పొడిగాలిలో అయితే ఆ సిలికాయే పొరలా నిలబడి లోపలిదాన్ని కాపాడేది, ఇక్కడ నిలవకుండా కరిగిపోతుంది, దాంతో కింది భాగం మళ్లీ నీటికి దొరుకుతుంది. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే ఇది ఇంకా జోరుగా సాగుతుంది.

అతుకు ఎందుకంటారా? 2011లో జపాన్ ఫుకుషిమా అణు కేంద్రంలో ఇంధనం ఉండే జిర్కోనియం లోహపు గొట్టాలు ఆవిరితో కలిసి హైడ్రోజన్ పుట్టించాక, వాటి బదులు సిలికాన్ కార్బైడ్ నారతో అల్లిన గొట్టాల మీద ఆసక్తి బాగా పెరిగింది. వీటిని లోహంలా కరిగించి వెల్డింగ్ చేయలేం, చివర బిరడాని వేరే పదార్థంతోనే అతకాలి. సిలికా ఎక్కువున్న గాజు అయితే అదీ కరుగుతుంది, బోరాన్ గాజు సంగతి ఇంకా కష్టం. అందుకే కాల్షియం అల్యూమినేట్ లాంటి గాజు సిరామిక్‌లని (గాజులోనే స్ఫటికాలు ఏర్పడేలా చేసినవి) పరీక్షిస్తున్నారు. అతుకు వదిలితే లోపలి రేడియోధార్మిక వాయువులు నీళ్లలోకొస్తాయి, కాబట్టి గొట్టం ఎంత గట్టిదైనా లాభం లేదు.

↳ ‘కోత’ అంటే సరిపోదాండీ? లంకల్ని గోదారి కోసేస్తోంది అంటాం కదా.

↳ బాగుందండీ, కానీ కోతకి ప్రవాహం కావాలి. సిలికాన్ కార్బైడ్ ముక్కల్ని మూసిన పాత్రలో కదలని వేడినీళ్లలో వారాల తరబడి ఉంచినా బరువు తగ్గుతాయి, అది నీటి ఒరవడి చేసే పని కాదు, రసాయన చర్య.

↳ స్కూలు పుస్తకంలో లోహక్షయం అని ఉంటుందండి.

↳ అందులోంచి లోహాన్ని తీసేద్దాం. శీర్షికలో ‘రసాయన క్షయం’ పెట్టండి మాస్టారూ, లోపల మాత్రం ‘నీరు గాజు అతుకుని తినేస్తుంది’ అని మామూలుగా రాయండి, మా ఊళ్లో ఎవరికైనా అర్థమవుతుంది.