24 ఫోటోలతో ఏ3 కొలాజ్: గింప్‌లో తలలు తెగకుండా, మసకబారకుండా ఎలా?

కొత్తకుంచె:

అందరికీ నమస్తే. మా ఆఫీసులో ఒక మేడమ్ రిటైర్ అవుతున్నారు, ఆవిడకి ఇవ్వడానికి ఫోటో కొలాజ్ చేసే పని నా నెత్తిన పడింది (రోజంతా కంప్యూటర్ ముందే కూర్చుంటాను కాబట్టి ఇవన్నీ నాకు వచ్చేసి ఉంటాయని అందరి నమ్మకం). ఫోటోషాప్ లేదు, గింప్ వేసుకున్నాను. మొత్తం 24 ఫోటోలు, ఏ3 సైజులో ప్రింట్ తీయించి ఫ్రేమ్ కట్టించాలి. కొన్ని ఫోన్‌లో తీసిన ఒరిజినల్స్, చాలావరకు చాటింగ్ యాప్‌లో చేతులు మారి మారి వచ్చినవి, నాలుగైదు పాత ప్రింట్లు స్కాన్ చేసినవి.

అన్నీ ఒకే సైజు గడుల్లో పెడదామంటే నిలువు ఫోటోల్లో తలలు తెగుతున్నాయి, అడ్డం ఫోటోల్లో చివర నిలబడ్డవాళ్లు ఎగిరిపోతున్నారు. ఒక ఫోటోని చిన్నది చేసి పెట్టి, కాసేపాగి బాగోలేదని మళ్లీ పెద్దది చేస్తే మసగ్గా అయిపోతోంది, ఒరిజినల్ తెరిచి చూస్తే శుభ్రంగానే ఉంది. పైగా సగం ఫోటోలు తెరిచేసరికే సిస్టమ్ నత్తనడక నడుస్తోంది. అసలు దీనికి ఒక పద్ధతంటూ ఉందా? టెంప్లేట్ యాప్‌లు చూశాను, వాటిలో 24 పెడితే అందరూ పాస్‌పోర్ట్ ఫోటోల్లా వస్తున్నారు. మేడమ్ ఫోటో ఒక్కటైనా పెద్దగా ఉండాలి.

పిక్సెల్‌పంతులు:

పద్ధతి ఉంది, కానీ అది గింప్ తెరవకముందు మొదలవుతుంది. కాగితం మీద లెక్క వేసుకోండి, పది నిమిషాల పని.

ఏ3 అంటే 420 × 297 మిల్లీమీటర్లు. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున అడ్డంగా పెడితే 4961 × 3508 వస్తుంది. కొత్త ఇమేజ్ ఆ సైజులోనే, రిజల్యూషన్ 300 పెట్టి తెరవండి, తర్వాత సాగదీద్దాంలే అనుకోవద్దు. చుట్టూ 120 పిక్సెళ్ల అంచు వదిలితే ప్రింట్‌లో అది సెంటీమీటరు, గడికీ గడికీ మధ్య 40 వదిలితే మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. ఇప్పుడు వరుసకి ఏడు చొప్పున నాలుగు వరుసలు వేస్తే ఒక్కో గడి 640 × 787 వస్తుంది. అంటే కొంచెం నిలువుగా ఉంటుంది, మనిషి తలా భుజాలూ అందులో చక్కగా ఇముడుతాయి, మీ తలలు తెగే గొడవ సగం ఇక్కడే పోతుంది. మొత్తం 28 గడులు. మేడమ్ ఫోటోకి మధ్యలో నాలుగు గడులు కలిపి ఇచ్చేయండి (మధ్య సందుతో కలిపి 1320 × 1614), మిగతా 23 ఫోటోలకి 23 గడులు, ఇంకా ఒకటి మిగులుతుంది, అందులో పేరు, తేదీ రాసుకోవచ్చు.

గైడ్‌లు (గడుల అంచులు ఎక్కడో చూపించే సాయం గీతలు) చేత్తో లాగొద్దు. ఇమేజ్ మెనూలో గైడ్స్, న్యూ గైడ్ అని ఉంటుంది, అక్కడ నిలువు గైడ్‌లకి 120, 760, 800, 1440, 1480 ఇలా అంకెలు కొట్టుకుంటూ పోండి. వ్యూ మెనూలో స్నాప్ టు గైడ్స్ ఆన్‌లో ఉంటే లేయర్లు (ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు, ఒక్కో ఫోటో ఒక్కో పొర) వాటికి వచ్చి అతుక్కుంటాయి.

ఈ లెక్కతో ఇంకో లాభం ఉంది. చాటింగ్ యాప్‌లో తిరిగొచ్చిన ఫోటోలు పనికిరావేమో అని టెన్షన్ పడుతుంటారు చాలామంది. ఒక ఫోటో 1600 × 1200 ఉందనుకోండి, 640 × 787 గడికి అది ఎక్కువే. అదే ఫోటో మేడమ్ పెద్ద గడిలో పెడితే మాత్రం చాలదు, ఎత్తు 1614 కావాలి, మన దగ్గర ఉన్నది 1200. కాబట్టి పెద్ద ఫోటోకి మాత్రం తీసినవాళ్లని పట్టుకుని ఒరిజినల్ తెప్పించండి, ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి.

అంతసీన్‌లేదు:

గూగుల్ వాళ్ల ఫోటోల సాఫ్ట్‌వేర్ పికాసా ఉన్న రోజుల్లో ఫోటోలు సెలెక్ట్ చేసి కొలాజ్ బటన్ నొక్కితే మొజాయిక్ కావాలంటే మొజాయిక్, గుట్టగా పోసినట్టు కావాలంటే గుట్ట, క్షణంలో వచ్చేసేది. 2016లో గూగుల్ దాన్ని ఆపేసింది, అప్పట్నుంచి మనం ఇలా కాగితం మీద భాగహారాలు చేసుకుంటున్నాం 🙂

జోకు పక్కన పెడితే, నా మాట ఒకటే. 24 ఎందుకు? మేడమ్ ఒక్కరే ఉన్నవి, అదే ఫంక్షన్‌లో అదే గ్రూపుని మూడు కోణాల్లో తీసినవి ఎలాగూ ఉంటాయి. వాటిలో తలా ఒకటి ఉంచి మిగతావి తీసేస్తే 15కి దిగుతుంది. అప్పుడు టెంప్లేట్‌లో పెట్టినా బాగానే ఉంటుంది.

కొత్తకుంచె:

పంతులు గారూ, లెక్క అద్భుతం, గైడ్‌లు పెట్టేశాను. అంతసీన్‌లేదు గారూ, తగ్గించడం కుదరదండీ, ఎవరి ఫోటో తీసేస్తే వాళ్లు నన్ను తీసేస్తారు. అవన్నీ వేర్వేరు మనుషులతో దిగినవే.

ఇప్పుడు అసలు సమస్య. గడిలో ఫోటో పెట్టి మిగతాది క్రాప్ చేస్తున్నాను. తర్వాత "కొంచెం ఎడమకి జరిపితే బాగుండు" అనిపిస్తే జరపడానికి ఏమీ మిగలట్లేదు. లేయర్ మాస్క్ (ఫోటోలో అక్కర్లేని భాగాన్ని దాచే తెర) పెట్టి చూశాను, ఫోటో జరిపితే మాస్క్ కూడా దాంతోపాటే జరిగిపోతోంది. ఆ మసకబారే సంగతి, స్పీడ్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

పిక్సెల్‌పంతులు:

క్రాప్, ఎరేజర్ రెండూ ముట్టుకోకండి. కొలాజ్‌లో మనం ఫోటోని కొయ్యకూడదు, కనపడకుండా దాచాలి అంతే.

గింప్‌లో మాస్క్ లేయర్‌కి అంటుకుని దాంతోపాటే కదులుతుంది, అందుకే ఈ పనికి నేను ఇంకో దారి వాడతాను. ముందు ఒక లేయర్ గ్రూప్ చేయండి. అందులో అడుగున ఒక పారదర్శక లేయర్ పెట్టి, గడి సైజులో సెలక్షన్ చేసి బూడిద రంగు నింపండి, అదే మీ కిటికీ. దాని పైన, అదే గ్రూప్‌లో, ఫోటో లేయర్ పెట్టండి. ఇప్పుడు లేయర్స్ ప్యానెల్‌లో ఫోటో మీద రైట్ క్లిక్ చేస్తే కాంపోజిట్ మోడ్ అని ఉంటుంది, అందులో క్లిప్ టు బ్యాక్‌డ్రాప్ ఎంచుకోండి. అంతే, ఫోటో ఆ బూడిద గడి ఉన్నంత మేరే కనిపిస్తుంది, మిగతాది ఎక్కడికీ పోదు, దాక్కుంటుంది. మూవ్ టూల్‌తో ఫోటోని అటూ ఇటూ జరపండి, గడి కదలదు, ముఖం మధ్యకి వచ్చేదాకా ఆడుకోవచ్చు. గ్రూప్ మోడ్ నార్మల్‌లోనే ఉండాలి, పాస్ త్రూ పెడితే ఈ కిటుకు పనిచేయదు. ఒక గడి కుదిరాక ఆ గ్రూప్‌ని డూప్లికేట్ చేసి పక్క గైడ్‌లకి జరిపి, లోపల ఫోటో మార్చుకుంటూ పోవడమే. గడి గుండ్రంగా కావాలంటే అడుగు లేయర్‌లో గుండ్రం గీస్తే సరి.

మసకబారడానికి కారణం చెప్తాను. ఫోటోని 300 పిక్సెళ్లకి కుదించగానే మిగతా పిక్సెళ్లని గింప్ పారేస్తుంది, మళ్లీ 800కి పెంచితే ఉన్నవాటి మధ్య ఊహించి నింపుతుంది. ఎన్నిసార్లు సైజు మారిస్తే అంత పలుచనవుతుంది. సైజు నచ్చకపోతే ఆ లేయర్ తీసేసి ఫైల్ మెనూలో ఓపెన్ యాజ్ లేయర్స్‌తో ఒరిజినల్‌ని మళ్లీ తెచ్చుకుని ఒక్కసారే కుదించండి. విసుగే, కానీ ఫలితం తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

స్పీడ్ గురించి. ఫోల్డర్‌లో మూడు ఎంబీ అని కనిపించే ఫోటో తెరవగానే మూడు ఎంబీగా ఉండదు. 4000 × 3000 ఫోటో అంటే కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లు, ఒక్కోదానికి నాలుగు బైట్లు, వెరసి 48 ఎంబీ. 24 ఫోటోలకి 1150 ఎంబీ దాటుతుంది, మీరు చేసే ప్రతి మార్పుకీ అన్‌డూ కోసం దాచుకునేది దీనికి అదనం. అందుకని చిన్న గడుల్లోకి వెళ్లే ఫోటోల కాపీలు వేరే ఫోల్డర్‌లో పెట్టుకుని, పొడుగు వైపు 1500 పిక్సెళ్లకి కుదించి వాటినే తెరవండి, భారం ఏడో వంతుకి పడిపోతుంది. పెద్ద గ్రూప్ ఫోటోలోంచి ఒక్క ముఖమే కావాలనుకుంటే మాత్రం దాన్ని కుదించకండి, ఆ ముఖానికి ఉన్న పిక్సెళ్లే తక్కువ.

నీడవెలుగు:

పంతులు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు పాటించినా కొలాజ్ చిందరవందరగా కనిపించొచ్చు. గడులు సరిగ్గా ఉన్నాయి కదా, ఇంకేం తేడా కొడుతోంది అని తల పట్టుకుంటారు. తేడా కొట్టేది తలల సైజు. ఒక గడిలో ముఖం గడంతా నిండి, పక్క గడిలో అయిదుగురు చీమల్లా నిలబడితే కన్ను ఎక్కడా కుదురుగా ఆగదు. గడి మారదు కాబట్టి లోపలి ఫోటోని పెంచీ తగ్గించీ ముఖాలన్నీ ఇంచుమించు ఒకే సైజుకి తెండి. పదిమంది ఉన్న గ్రూప్ ఫోటోలకి ఇది కుదరదు, వాటికి పక్కపక్క రెండు గడులు కలిపి ఇవ్వాలి. గడులు చాలకపోతే పేరు రాసుకునే గడి త్యాగం చేయండి, పేరు అంచులో కూడా రాయొచ్చు.

రెండోది చూపు. ఎడమకి చూస్తున్న మనిషిని ఎడమ చివర పెడితే కాగితం బయటకి చూస్తున్నట్టు ఉంటుంది. ఆ ఫోటోని కుడి వైపుకి మార్చండి, అందరూ మేడమ్ వైపు చూస్తున్నట్టు వస్తుంది. ఫోటోని అద్దంలోలా తిప్పేసి పని కానివ్వొద్దు, వెనక బోర్డు మీద అక్షరాలు తిరగబడతాయి, పాపిడి అటు పక్కకి పోతుంది, రోజూ చూసే ముఖం కదా, ఎక్కడో తేడాగా ఉందని ఇట్టే పట్టేస్తారు.

రంగులు కూడా. ఒక ఫోన్ ఫోటో నీలంగా, ఒకటి పసుప్పచ్చగా, స్కాన్లు ఎర్రబారి ఉంటాయి. కలర్స్ మెనూలో ఆటో, వైట్ బ్యాలెన్స్ అని ఉంది, పాత స్కాన్లకి ఒకసారి నొక్కి చూడండి, కొన్నిసార్లు ప్రాణం పోసినట్టు లేచి వస్తుంది, కొన్నిసార్లు ముఖాలు పచ్చగా మారతాయి, అప్పుడు కంట్రోల్ జెడ్ ఉండనే ఉంది. అన్నిటినీ సరిచేసే ఓపిక లేకపోతే, మేడమ్ ఫోటో ఒక్కటీ రంగుల్లో ఉంచి మిగతా 23 బ్లాక్ అండ్ వైట్ చేసేయండి. బద్ధకస్తుల ఉపాయం అనుకోండి, కానీ గోడ మీద చూస్తే కావాలనే చేసినట్టు ఉంటుంది.

ఆ పాత ప్రింట్లు నాలుగు అంగుళాలు బై ఆరు అయితే 300లో స్కాన్ చేసినా 1200 × 1800 వస్తుంది, చిన్న గడికి సరిపోతుంది. వాటిలో ఏదైనా పెద్ద గడికి పెట్టాలంటే 600లో మళ్లీ స్కాన్ చేయించండి.

బ్రౌజర్‌బాబు:

గింప్ తలనొప్పిగా ఉంటే ఫోటోపియా చూడు బ్రో, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, ఇన్‌స్టాల్ గొడవ లేదు. అందులో ఫోటోషాప్‌లో లాగే స్మార్ట్ ఆబ్జెక్ట్ ఉంది, ఫోటోని దానిలోకి మార్చాక ఎన్నిసార్లు చిన్నా పెద్దా చేసినా ఒరిజినల్ లోపల అలాగే ఉంటుంది, కాబట్టి మసకబారదు. క్లిప్పింగ్ మాస్క్ కూడా ఉంది, పంతులు గారు చెప్పిన గ్రూప్ తతంగం అక్కర్లేదు. ఒక్కటే, మధ్యమధ్యలో పీఎస్‌డీగా (లేయర్లతో సహా దాచే ఫోటోషాప్ ఫైల్) సేవ్ చేసుకో, ట్యాబ్ పొరపాటున మూసుకుపోతే అంతే సంగతులు.

ఇంకోటి, 300 అనేది శిలాశాసనం కాదు. గోడకి వేలాడే ఏ3ని ఎవరూ ముక్కు ఆనించి చూడరు, 200 వచ్చినా తేడా కనిపెట్టడం కష్టం. ఒరిజినల్ దొరకలేదని ఆగిపోవద్దు.

పిక్సెల్‌పంతులు:

200 మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ కాన్వాస్ మాత్రం 300లోనే ఉంచండి, అందులో ఒకటీ అరా ఫోటోలు 200కి దిగినా పర్వాలేదు. అన్నీ 200కి దించేస్తే పేరు రాసిన అక్షరాల అంచులు ముందు బయటపడతాయి.

కొత్తకుంచె:

గింప్‌లోనే చేస్తున్నాను, క్లిప్ టు బ్యాక్‌డ్రాప్ దొరికాక వదలబుద్ధి కావట్లేదు. తలల సైజు సంగతి మాత్రం చెప్పేదాకా తట్టలేదు, ఇప్పుడు అన్ని ఫోటోల్లోనూ అదే కనిపిస్తోంది! బ్లాక్ అండ్ వైట్ చేసి చూపిస్తే ఆఫీసులో రెండు వర్గాలు అయ్యారు, మెజారిటీ రంగులే కావాలంది.

చివరి డౌట్. ప్రింట్‌కి ఏ ఫైల్ ఇవ్వాలి? ఫ్రేమ్ కట్టేటప్పుడు అంచులు తెగుతాయా?

నీడవెలుగు:

ఫ్రేమ్ చెక్క అంచు మీదికి కొంచెం ఎక్కుతుంది, మీకు సెంటీమీటరు ఉంది కాబట్టి ఫోటోలకి ఏమీ కాదు, కానీ కనిపించే అంచు సన్నబడుతుంది. వీలైతే అంచు 180కి పెంచి గడులు ఆ మేరకు తగ్గించండి, మధ్య సందుల కన్నా బయటి అంచు బాగా వెడల్పుగా ఉంటేనే అందం. బ్యాక్‌గ్రౌండ్ రంగు తెలుపు కాకపోతే, కాగితం చివరిదాకా రంగు రావాలి కదా, చుట్టూ మూడు మిల్లీమీటర్లు అదనంగా కావాలా అని ప్రింట్ తీసేవాళ్లని ముందే అడగండి.

పిక్సెల్‌పంతులు:

గింప్ సొంత ఫైల్ ఎక్స్‌సీఎఫ్ మీ దగ్గరే ఉంచుకోండి, లేయర్లన్నీ అందులోనే ఉంటాయి. ప్రింట్‌కి ఎక్స్‌పోర్ట్ యాజ్ ఇచ్చి జేపెగ్, క్వాలిటీ 95, కలర్ ప్రొఫైల్ ఎస్‌ఆర్‌జీబీ (మామూలుగా అందరూ వాడే రంగుల పద్ధతి). ఏదైనా మార్చాల్సి వస్తే ఎక్స్‌సీఎఫ్‌లో మార్చి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి, ఆ జేపెగ్‌నే తెరిచి దిద్ది సేవ్ చేస్తూ పోతే ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి, చాటింగ్ యాప్‌లో పంపితే ఇంత కష్టమూ మళ్లీ 1600 పిక్సెళ్లకి కుదించుకుపోవచ్చు. ప్రింట్ తీసేటప్పుడు ఫిట్ టు పేజ్ తీసేసి నూరు శాతం పెట్టమనండి.

ఏ3 తీయించే ముందు మేడమ్ పెద్ద గడి వరకు కోసి అదే సైజులో చిన్న కాగితం మీద ఒక టెస్ట్ ప్రింట్ తీయించండి. స్క్రీన్ మీద కన్నా కాగితం మీద ముదురుగా వస్తుంటుంది. అలా వస్తే కలర్స్ మెనూలోని కర్వ్స్‌లో కనిపించే గీత మధ్య భాగం కాస్త పైకి లాగి అప్పుడు మొత్తం ఇవ్వండి.