కేజీఎఫ్‌లో గని భూములు అమ్మకానికి తెరవాలా? తెరిస్తే ముందు ఎవరికి?

బంగారపేట_ప్యాసింజర్

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో గని 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. గని పోయినా భూమి మిగిలింది. భారత్ గోల్డ్ మైన్స్ (బీజీఎంఎల్) అనే కేంద్రం కంపెనీ చేతిలో 12,000 ఎకరాలకు పైగా ఉంది. అందులో 3,000 ఎకరాలకు పైగా పారిశ్రామికవాడకు ఇవ్వమని కర్ణాటక ప్రభుత్వం కొన్నేళ్లుగా అడుగుతోంది. 2024 జూన్‌లో 13 సైనైడ్ దిబ్బలున్న (బంగారం తీసేశాక మిగిలిన గని పిండి కుప్పలు) 1,003 ఎకరాల్లో మళ్లీ బంగారం తీయడానికి రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ఇంకోపక్క బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే బేతమంగళం వైపు నుంచి పోతోంది కాబట్టి సైట్ల బ్రోకర్లకు ఊరి పేరు కొత్తగా గుర్తొచ్చింది. సినిమా పుణ్యం కూడా కొంత ఉందనుకోండి.

ఇంత భూమి మధ్యలో, కంపెనీ కార్మికులకు వరుసగా కట్టిన లైన్ ఇళ్లలో మూడు తరాలుగా ఉంటున్న జనం ఉన్నారు. వాళ్లలో చాలామంది చేతిలో హక్కుపత్రం లేదు.

నా అభిప్రాయం: భూమి తెరవాలి. ముందు లైన్ ఇళ్లు, ఉన్నవాళ్లకే. మిగతాది తర్వాత వేలం వేసుకోండి. మీరేమంటారు?

వైట్‌ఫీల్డ్_రెడ్డి

తెరవాలన్నంతవరకు మీతోనే ఉన్నాను. వరుసే తప్పు. పొద్దున కేజీఎఫ్‌లోని మారికుప్పం నుంచి బెంగళూరుకు వచ్చే రైలు ఎక్కి చూడండి, నిలబడటానికి చోటుండదు. ఊళ్లో పని లేకే కదా రోజూ ఆ ప్రయాణం. ముందు పరిశ్రమకు భూమి ఇచ్చి నాలుగు ఫ్యాక్టరీలు రానివ్వండి. ఇళ్ల సంగతి ముందు పెట్టుకుంటే ఒక్కో ఇంటి మీద ఒక కేసు పడుతుంది, పదేళ్లు ఏమీ కదలదు.

పైగా ప్రభుత్వ భూమి అంటే అందరి ఆస్తి. కోకాపేటలో 2023లో వేలం వేస్తే ఎకరం 100 కోట్లు దాటింది. కేజీఎఫ్‌లో అంత రాదు, తెలుసు. కానీ వేలం వేయనిదే అసలు ధర ఎంతో ఎవరికీ తెలియదు. నామమాత్రపు ధరకు రాసిస్తే రెండేళ్లలో అవే ఇళ్లు బ్రోకర్ల చేతుల్లో ఉంటాయి.

ఛాంపియన్_లైన్

రెడ్డి గారూ, "అందరి ఆస్తి" అన్నారు, బాగుంది. ఆ అందరిలో మా తాత ఎప్పుడు చేరాడో చెబుతారా?

జాన్ టేలర్ కంపెనీ 1880లో ఇక్కడికొచ్చింది. గనుల ప్రాంతం మొత్తం కంపెనీల అధీనం. కూలీకి వెదురు తడికల గుడిసె, తర్వాత లైన్లలో ఒక గది. పని ఉన్నంతవరకే ఇల్లు. బంగారం దొంగతనాల పేరు చెప్పి 1897లో మైసూరు ప్రభుత్వం ప్రత్యేక చట్టం తెచ్చింది. 1930లో కార్మికులందరూ వేలిముద్రలు వేసి పేర్లు నమోదు చేసుకోవాలన్నారు, దాని మీదే సమ్మె జరిగింది. అలాంటి చోట కూలీ పేరున స్థలం ఎలా ఉంటుంది? ఉండకుండానే ఆ ఏర్పాటు చేశారు.

రాబర్ట్‌సన్‌పేట సంగతి వేరు. అది గని హద్దు బయట, పద్ధతిగా వీధులు గీసి కట్టిన పేట. అక్కడ వ్యాపారం చేసుకున్నవాళ్ల మనవళ్లకు ఈరోజు ఖాతా (ఆస్తి తమ పేరున ఉన్నట్టు రికార్డు) ఉంది, బ్యాంకు లోను ఉంది. కింద రాయి కొట్టి ఊపిరితిత్తుల నిండా దుమ్ము నింపుకున్నవాడి మనవడికి లేదు. లైన్లలో ఎక్కువమంది తమిళ దళిత కుటుంబాలు. ఆ తర్వాత మన చిత్తూరు, కడప, నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. వేలం పాట పెడితే వీళ్లలో ఎవరు పాడగలరో మీరే చెప్పండి.

1956లో గనుల్ని రాష్ట్రం తీసుకుంది. 1962లో కేంద్రానికి పోయింది. 1972లో బీజీఎంఎల్ అయింది. బోర్డు మారింది తప్ప ఇంటి విషయం మారలేదు. ఇంట్లో మరుగుదొడ్డి కట్టుకుందామంటే "స్థలం నీది కాదు" అనే మాట. ఉమ్మడి మరుగుదొడ్లు, వాటిని చేత్తో ఎత్తే పని ఈ ఊళ్లో అన్నేళ్లు ఎందుకు సాగాయో దీన్నుంచే అర్థం చేసుకోవచ్చు. పట్టాను మీరు ధరగా చూస్తున్నారు. మాకు అది గోడ కట్టుకునే అనుమతి.

వైట్‌ఫీల్డ్_రెడ్డి

చరిత్ర కాదనను. కానీ సబ్ రిజిస్ట్రార్ చరిత్ర చదవడు. ఎవరికివ్వాలి, ఏ తేదీ నాటికి ఉన్నవాళ్లకివ్వాలి? గని మూతపడినప్పుడు ఉన్న కార్మికులు మూడు వేల పైచిలుకు. ఇప్పుడు లైన్లలో ఉన్న జనం దానికి ఎన్నో రెట్లు. వాళ్లలో కొందరు అసలు గనిలో పని చేసినవాళ్లే కాదు. మీరొక తేదీ చెప్పండి, నేను వింటాను.

బెల్లంపల్లి_బావ

మా దగ్గర ఇదే కథ నడిచింది, అందుకే రాస్తున్న. సింగరేణి భూమిల ఇళ్లు కట్టుకొని, కంపెనీ క్వార్టర్ల పక్కన షెడ్లు వేసుకొని బతికినోళ్లు బెల్లంపల్లి, మందమర్రి, కొత్తగూడెం అంతా ఉన్నరు. బొగ్గు బావులు మూతపడ్డయి గానీ జనం ఎటు పోతరు? 2019లో జీఓ 76 వచ్చింది. ముందు సింగరేణి ఆ స్థలాన్ని రాష్ట్రానికి అప్పగించాలె, తర్వాత రెవెన్యూవాళ్లు సర్వే చేసి, ఫీజు కట్టించుకొని పట్టా ఇయ్యాలె. కంపెనీ తనంతట తాను ఎవరికీ పట్టా రాసియ్యలేదు.

కేజీఎఫ్‌ల అసలు చిక్కు అక్కడనే ఉన్నట్టుంది. భూమి కేంద్రం కంపెనీ చేతిల, పట్టా ఇచ్చే అధికారం రాష్ట్రానిది. అప్పగించే దాక ఎవరు ఎంత గట్టిగ మాట్లాడినా కాగితం కదలదు. "అమ్మాలా వద్దా" అనే ముందు "ఎవరు అమ్మాలె" అని అడగండి.

ఇంకొకటి. రిటైరైనోళ్ల దగ్గర తెల్లకాగితం మీద కొన్నోళ్లు మా దగ్గర చానమంది. వాళ్లను తీసేస్తే సగం వీధి ఖాళీ అయితది. ఏ తేదీ పెట్టినా ఎవరో ఒకరికి అన్యాయం అయితది, రెడ్డి అన్నా. అయినా పెట్టాలె.

రాయి_తెలిసినవాడు

ఇంతసేపూ అందరూ పైన భూమి గురించే మాట్లాడుతున్నారు. కింద ఏముందో కూడా చూడాలి.

ఛాంపియన్ రీఫ్ గని 3.2 కిలోమీటర్ల లోతుకు పోయింది. బంగారపు పొర ఉత్తర దక్షిణాలుగా సాగి, పడమటి వైపు నిటారుగా దిగుతుంది. మొదట్లో తవ్వినదంతా పైపొర. కాబట్టి ఆ గీత పొడవునా నేలకు దగ్గరగా పాత ఖాళీలు ఉన్నాయి. అన్నిటికీ సరైన పటాలు ఉంటాయని నమ్మకండి. గని నడిచిన రోజుల్లో రాక్‌బర్స్ట్‌లు, అంటే ఒత్తిడికి రాయి పేలడం, తరచూ జరిగేవి. పైన ఇళ్లు అదిరేవి. 1988లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్‌ను తెచ్చి కేజీఎఫ్‌లోనే పెట్టడానికి కారణం ఉంది. ఇప్పుడు పంపులు ఆగిపోయాయి, లోపలంతా నీళ్లు.

ఇక దిబ్బలు. సైనైడ్‌తో బంగారం తీసేశాక మిగిలిన పిండి అది, దాదాపు 33 మిలియన్ టన్నులు, టన్నుకు గ్రాము కూడా లేని బంగారంతో. ఆషాఢం గాలికి అదే ఇళ్లలోకి వస్తుంది, అన్నం గిన్నె మీద మూత తీయలేరు. దాన్ని కదిపి మళ్లీ ప్రాసెస్ చేస్తామంటున్నారు. ఆ పని ఏళ్ల తరబడి సాగుతుంది. సాగినన్నాళ్లూ పక్కన సైట్లు అమ్మడం నా దృష్టిలో మోసం.

కాబట్టి అమ్మకానికి ముందు మూడు ముక్కలు చేయాలి: పాత తవ్వకాల మీది నేల, దిబ్బల చుట్టూ నేల, మిగతాది. మొదటి రెండూ ఎవరికీ అమ్మకూడదు. పేదవాడికీ, పారిశ్రామికవేత్తకీ కూడా. వెంచర్ బ్రోచర్లో శాఫ్ట్ (గనిలోకి దిగే నిలువు బావి) ఎలాగూ కనపడదు.

ఛాంపియన్_లైన్

మరి రాబర్ట్‌సన్‌పేట కూడా అదిరేదిగా సార్. అక్కడ రిజిస్ట్రేషన్లు ఎవరూ ఆపలేదే?

రాయి_తెలిసినవాడు

అదరడం వేరు, కింద ఖాళీ ఉండటం వేరు. పేట ఆ బంగారపు పొర గీతకు దూరంగా ఉంది, కొన్ని లైన్లు దానికి దగ్గరగా ఉన్నాయి. లైన్లు ఖాళీ చేయించాలని నేననలేదు. ప్రమాదం ఉన్న లైన్ ఏదో తేలితే, అక్కడివాళ్లకు అదే ఊళ్లో మంచి నేల మీద, అంతే స్థలం, అదే రోజు పట్టాతో ఇవ్వాలి. బీజీఎంఎల్‌కు భూమి తక్కువేం లేదు.

బెండిగో_నుంచి

నేను ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో పాత బంగారు గనుల ఊళ్లో ఉంటున్నాను. ఇక్కడ 1854లో యురేకా తిరుగుబాటు జరిగాక, మరుసటి ఏడాది మైనర్స్ రైట్ అనే లైసెన్సు తెచ్చారు. ఏడాదికి ఒక పౌండు. దాంతో తవ్వుకునే హక్కు, ఓటు, ప్రభుత్వ భూమిలో ఇల్లు వేసుకునే హక్కు వచ్చాయి. తర్వాతి దశాబ్దాల్లో ఆ ఇంటి స్థలాన్ని కొనుక్కునే వీలు కూడా కల్పించారు. బెండిగో, బల్లారట్‌లలో వంకర వీధుల్లో కనిపించే చిన్న చిన్న చెక్క ఇళ్లు చాలావరకు ఆ రకంగా వెలిసినవే. అదే సామ్రాజ్యం. తెల్ల గనికార్మికుడికి ఇంటి స్థలం, కోలార్ కూలీకి వేలిముద్ర.

మరీ పొగడకండి, ఇది జా జా వరుంగ్ ఆదివాసుల నేల, వాళ్లను ఎవరూ అడగలేదు. పాత గని మట్టిలో ఆర్సెనిక్ ఉందన్న తలనొప్పి ఇక్కడ ఇప్పటికీ ఉంది. రాయి_తెలిసినవాడు గారు చెప్పింది తేలిగ్గా తీసుకోవద్దు.

ఉక్కునగరం_వాసి

నేను అమ్మకానికే వ్యతిరేకం. విశాఖ ఉక్కు కోసం భూములిచ్చి, ఆర్ కార్డు (నిర్వాసితులకు ఇచ్చిన కార్డు) పట్టుకుని ఉద్యోగం కోసం తిరిగినవాళ్లను చూశాను. ప్రభుత్వ సంస్థ భూమిని ఒక అవసరం చెప్పి తీసుకుంటారు. అవసరం తీరాక అదే భూమి "మానిటైజేషన్", అంటే డబ్బు చేసుకునే సరుకు, అవుతుంది. 2022లో దానికోసమే కేంద్రం ఒక కార్పొరేషన్‌కు కూడా ఆమోదం ఇచ్చింది. ఒకసారి గేటు తెరిచాక ఇళ్లకు కొంచెం, కంపెనీలకు మిగతాదంతా అవుతుంది. బంగారం ధర ఈ స్థాయిలో ఉన్నప్పుడు గనినే మళ్లీ తెరవమని అడగాలి.

రాయి_తెలిసినవాడు

గని తెరవమనడం వినడానికి బాగుంటుంది. 120 ఏళ్లలో 800 టన్నులు తీసిన గని అది, సులువుగా అందేది అయిపోయింది. మూడు కిలోమీటర్ల నీళ్లు తోడి, ఆ వేడిలోకి మళ్లీ మనుషుల్ని దింపాలి. దిబ్బలు వేరే లెక్క, అవి పైనే ఉన్నాయి. ఆంధ్రలో మూతపడిన రామగిరి బంగారు గనుల దగ్గరా ఎప్పుడు తెరుస్తారా అని ఎదురుచూస్తున్నవాళ్లను కలిశాను. ఆ ఆశ చూపించి ఇంటి కాగితం ఆపడం న్యాయం కాదు.

ఛాంపియన్_లైన్

రెడ్డి గారు తేదీ అడిగారు కదా. 2001 ఫిబ్రవరి 28. ఆ రోజు ఎవరి పేరున ఇల్లు అలాట్ అయి ఉందో వాళ్లకు, లేకుంటే వాళ్ల వారసులకు. రావాల్సిన బాకీలు రాకుండా ఇంటికి పంపిన జనం వీళ్లు. ఇల్లు దానికి జమ.

వైట్‌ఫీల్డ్_రెడ్డి

సరే, స్పష్టంగా ఉంది. పరిశ్రమ భూమికీ దీనికీ ముడి పెట్టకుండా రెండూ ఒకేసారి నడిపితే నాకు అభ్యంతరం లేదు.

ఊరిగాం_అక్క

మీ ఇద్దరికీ ఒప్పందం కుదిరింది, సంతోషం. నాకు కుదరలేదు.

ఆ తేదీన అలాట్‌మెంట్లు దాదాపు అన్నీ మగవాళ్ల పేర్ల మీదే. ఆయన పోయాడు, ఆమె అదే గదిలో ఉంది, కొడుకులు చెన్నైలో ఉన్నారు. పట్టా వస్తుందంటే ముగ్గురూ దిగుతారు, అమ్మ వరండాలోకి వస్తుంది. కాబట్టి "వారసులు" అని రాసి వదిలేయకండి. ఇంట్లో ఉంటున్న ఆడమనిషి పేరు ముందు రాయాలి.

రెండోది. నేను ఉండేది అద్దెకు. లైన్ ఇల్లే. అలాట్ అయినాయన ఊరు విడిచి చాలా కాలమైంది, నెల మొదట్లో ఫోన్‌లో డబ్బు వేయించుకుంటాడు. నీళ్ల పైపు నేను వేయించుకున్నా, రేకులు నేను మార్పించుకున్నా. మీ తేదీ ప్రకారం పట్టా ఆయనకు వస్తుంది. మరుసటి నెల ఆయన బ్రోకర్‌కు అమ్ముతాడు. నన్ను ఖాళీ చేయించేది వేలంలో కొన్నవాడైతే ఏంటి, ఆయనైతే ఏంటి?

ఛాంపియన్_లైన్

అక్కా, ఆయన కూడా ఏళ్ల తరబడి కేజ్ (గనిలోకి దించే లిఫ్టు) ఎక్కి కిందికి దిగినవాడే. ఊరు విడిచింది సరదాకి కాదు, ఇక్కడ పని లేక. ఇల్లు మీ పేరున రాస్తే ఆయన బాకీకి బదులు ఏమిస్తారు?

ఊరిగాం_అక్క

బాకీ పడింది కంపెనీ, తమ్ముడూ. 12,000 ఎకరాలు పెట్టుకున్నది వాళ్లు. ఆయనకు రావాల్సింది డబ్బుగానో వేరే సైటుగానో వాళ్లనే ఇవ్వమను. నేనున్న గదిలోంచి కోసి ఇవ్వడమేంటి?

బెల్లంపల్లి_బావ

అక్క అడిగినదానికి మా జీఓలో కూడా జవాబు లేదు. మా దగ్గర ఇంట్లో ఉన్నోళ్లు ముందే కొనుక్కున్నమని కాగితం చూపెట్టిన్రు, కిరాయికి ఉన్నోళ్లు ఏమీ చూపెట్టలేకపోయిన్రు. కరెంటు బిల్లు మీ పేరు మీద ఉందా అక్కా?

ఊరిగాం_అక్క

లేదు. ఆయన పేరు మీదే. కట్టేది నేను.