ఉగాదికి అమ్మాయి ఆ అబ్బాయిని ఇంటికి తీసుకొస్తానంటోంది, ఏం చెప్పాలి?

అడిగినవారు: కడప నుంచి ఒక అమ్మ

అందరికీ నమస్కారం. నాకు 54 ఏళ్ళు. మాది దేవుని కడప. మా ఆయన పోయి ఆరేళ్ళయింది. ఒక్కతే కూతురు, 28 ఏళ్ళు, బెంగళూరులో ఉద్యోగం.

సంక్రాంతికి వచ్చినప్పుడు నేను అరిసెల పాకం పడుతుంటే పక్కన కూర్చుని చెప్పింది, తనతో పనిచేసే అబ్బాయిని చేసుకుంటానని. ఏ ఊరని అడిగితే రాయచోటి అంది. పేరు చెప్పింది. పేరు వినగానే ముస్లింల అబ్బాయని అర్థమైంది. పాకం ముదిరిపోయింది. ఆ గట్టి అరిసెలే రెండు మూటగట్టుకుని మర్నాడు బస్సెక్కింది పిల్ల.

అప్పటి నుంచి రోజూ ఫోన్ చేస్తుంది. "తిన్నావా" అంటాను, "తిన్నానమ్మా" అంటుంది. అంతే. ఇదివరకు హాస్టల్లో ఎవరి మంచం కింద పిల్లి పిల్లలు పెట్టిందో కూడా చెప్పేది.

నాకు సాయిబుల మీద కోపం లేదు. మా ఆయన లారీ షెడ్డులో భాగస్తుడు సాయిబే. ఇరవై ఏళ్ళు ప్రతి రంజాన్‌కీ వాళ్ళింటి సేమ్యా క్యారియర్ మా ఇంటికి వచ్చేది, ఖాళీగా పంపకూడదని నేను అందులో చక్కెర పోసి పంపేదాన్ని. కానీ ఇచ్చిపుచ్చుకోవడం వేరు, పిల్లనివ్వడం వేరు అనిపిస్తోంది. ఇలా అనిపించడం తప్పేమో, నాకు తెలీదు.

నా భయాలు చెప్తాను. పిల్ల పేరు మార్చుకోమంటారా? వాళ్ళ నాయన తద్దినానికి మా మరిది కొడుకు పిండం పెడతాడు గానీ, ఆయనకిష్టమైన గుత్తి వంకాయ చేసి విస్తట్లో వేసేది మాత్రం నా కూతురే. రేపు ఆ రోజుకి వస్తుందా? చిట్టీలు కట్టి ప్రొద్దుటూరులో కొద్దికొద్దిగా కొన్న 12 తులాల బంగారం బీరువాలో ఉంది, అది పెట్టుకుని పీటల మీద కూర్చున్న పిల్లని చూడాలని ఎన్నేళ్ళ నుంచో అనుకుంటున్నా. అన్నిటికన్నా మా మరిది, ఆడబిడ్డ. "తండ్రి లేని పిల్ల, తల్లి అదుపులో పెట్టలేకపోయింది" అంటారు. ఇంకా వాళ్ళకు చెప్పనే లేదు, అయినా రాత్రిళ్ళు ఆ మాటే వినిపిస్తుంది.

"నువ్వు వద్దంటే చేసుకోనమ్మా, కానీ ఇంకెవర్నీ చేసుకోను" అంది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఉగాదికి తీసుకొస్తా, ఒక్కసారి చూడు అంటోంది. ఉగాది నాడు మా గుడి సంగతి కడప వాళ్ళకు కొత్త కాదు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డని, వెంకటేశ్వరస్వామి తమ అల్లుడని ముస్లింలు కొబ్బరికాయలు పట్టుకుని వచ్చి వరుసలో నిలబడతారు. పిల్లని చంకనేసుకుని నేనూ ఎన్నోసార్లు ఆ వరుసలో నిలబడ్డా. ఆ రోజే ఎందుకు ఎంచుకుందో నాకు తెలుసు.

రమ్మంటే ఒప్పుకున్నట్టే కదా? వద్దంటే పిల్ల మళ్ళీ ఇంటికి వస్తుందా?

జవాబు: కర్నూలు

అక్కా, నేను కూతురి వైపు నుంచి చెప్తున్నా. మాది ఆదోని. పదేళ్ళ కింద వేరే కులం అబ్బాయిని చేసుకున్నా. మా అమ్మ పెళ్ళికి రాలేదు, కాన్పుకీ రాలేదు. పథ్యం పెట్టింది పక్కింటామె. అమ్మ బస్సు పార్సిల్లో వెల్లుల్లి కారం, వాము పంపింది, పంపినవాళ్ళ పేరు లేకుండా. డబ్బా మూత తీయగానే అమ్మ చేతి కారమని తెలిసింది. డబ్బా పట్టుకుని ఏడ్చాను గానీ ఫోన్ చేయలేదు, నాకూ పంతమే.

నాలుగేళ్ళకు కలిశాం. ఇప్పుడు అమ్మ మా ఇంట్లోనే ఉంటుంది. పెద్దదానికి మొదటి పన్ను ఎప్పుడొచ్చింది, ఏ పండక్కి నడిచింది అని ఇప్పటికీ అడుగుతుంది. ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అడుగుతుంది. అందుకే చెప్తున్నా, రమ్మనండి.

జవాబు: అనంతపురం, రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను

అమ్మా, పేరు, మతం గురించి మీ భయానికి జవాబుంది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటే ఎవరూ మతం మారక్కర్లేదు, పేరూ మార్చుకోనక్కర్లేదు. నిఖా అంటే సాధారణంగా అమ్మాయిని మతం మారమంటారు. గుళ్ళో తాళి కట్టించినా, 1955 హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. కాబట్టి ఏ పద్ధతిలో చేసుకుంటారో పిల్లలిద్దరినీ ముందే అడగండి.

ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనిపించేలా అంటిస్తారు. ఇంకో 30 రోజులు ఆగాలి. తర్వాత ముగ్గురు సాక్షులతో పెళ్ళి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు చేసుకోకపోతే మళ్ళీ మొదటికే. గోడ మీద నోటీసు చూసి తల్లిదండ్రులకు ఎవరో ఫోన్ చేసి చెప్పడం నా సర్వీసులో చాలాసార్లు చూశాను. కడపలో నోటీసు పడితే మీ మరిదికి అలాగే తెలుస్తుంది. ఆయనకు మీ నోటితో ముందే చెప్పండి.

ఇంకోటి. మీ వారు వీలునామా రాయకుండా పోయి ఉంటే, ఆయన సొంత ఆస్తిలో అమ్మాయి వాటా అప్పుడే ఆమెదైంది. ఈ పెళ్ళి వల్ల అది పోదు. ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి.

జవాబు: ప్రొద్దుటూరు

అందరూ రమ్మనండి, రమ్మనండి అంటున్నారు. నాకూ పెళ్ళికెదిగిన ఇద్దరు ఆడపిల్లలున్నారు, మీ కడుపులో బాధ నాకు తెలుసు వదినా. రానివ్వండి, కానీ మొహమాటానికి నవ్వి పంపొద్దు. తద్దినం సంగతి, పుట్టబోయే పిల్లల సంగతి, పండగల సంగతి అతన్నే అడగండి. వాళ్ళమ్మకు ఈ విషయం తెలుసా? అది ముందు కనుక్కోండి. ఆమెకు తెలియకుండా మీ ఇంట్లో భోంచేసి వెళ్తే నేనైతే ఒప్పుకోను.

మళ్ళీ రాస్తున్నాను: కడప నుంచి ఒక అమ్మ

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. కర్నూలు చెల్లెమ్మా, నీ కారం డబ్బా సంగతి చదివి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయా.

అనంతపురం పెద్దాయన చెప్పినట్టు నిన్న మరిదికి ఫోన్ చేసి చెప్పేశా. ఒక్క మాట మాట్లాడకుండా పెట్టేశాడు. సాయంత్రం తోడికోడలు చేసింది. "ఆయన అన్నం తినలేదక్కా" అంది. నేను అనుకున్న మాట మాత్రం ఇంకా ఎవరూ అనలేదు. అన్నా ఇప్పుడు నా దగ్గర చెప్పడానికి జవాబుంది.

ప్రొద్దుటూరు వదిన అడగమన్నది అడిగా. వాళ్ళమ్మకు తెలుసట. ఆమె కూడా నెల రోజులుగా కొడుకుతో సరిగ్గా మాట్లాడటం లేదట. "తిన్నావా అని మాత్రం అడుగుతుందమ్మా" అంది నా కూతురు. నేను ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయా.

రమ్మన్నాను. ఇష్టపడి రమ్మంటున్నానని మాత్రం చెప్పలేదు, అబద్ధమవుతుంది. "చూడటానికి రమ్మంటున్నా, అడగాల్సినవి అడుగుతా" అన్నా. "అడుగు, తను రాసుకుని వస్తాడు" అంది. రెండు నెలల తర్వాత నవ్వింది పిల్ల.

ఈసారి ఉగాది రంజాన్ ఉపవాసాల చివర్లో వస్తోంది. పగలు మంచినీళ్ళు కూడా ముట్టడట. పండగ పూట మా ఇంటికొచ్చిన మనిషికి పచ్చడి చేతిలో పెట్టకుండా ఎలా అని ఆలోచించి, సాయంత్రం ఎన్నింటికి తింటాడని అడిగా. ఆరున్నర అంది. పచ్చడి గిన్నె మూతపెట్టి ఉంచుతా. ఓళిగలు పొద్దున చేస్తే సాయంత్రానికి గట్టిపడతాయి కాబట్టి పూర్ణం మాత్రం చేసి పెట్టుకుని ఆరింటికి పెనం పెడతా.

ఆ తర్వాత రంజాన్ పండక్కి అతను రాయచోటి వెళ్తాడట. అటక మీద నుంచి పాత క్యారియర్ దించి తోమాను. ఒక గిన్నె మూత కనిపించడం లేదు, వెతుకుతున్నా.